చిలుము

కుడి డబ్బా మళ్ళీ మూగబోయింది.
ఎడమది పాడుతది, సగం పాట.
తబలా ఉంటది, పాడే మనిషి ఉండడు.
గోడ మీద అరచేత్తో చరిస్తే
ఒక చరణానికి వచ్చి మళ్ళీ పోతడు.

పొద్దున స్టూలెక్కి చూసిన.
తెచ్చిననాడు అద్దం లెక్కుండె తొడుగు,
లోపలి రాగి మెరుస్తుండె.
ఇప్పుడు గంజి మరక పసుపు,
దాని లోపల పచ్చ,
ఇత్తడి బిందె అడుగున పేరుకునే పచ్చ.
బిందెనైతే చింతపండు పెట్టి రుద్దొచ్చు.
దీన్ని రుద్దేదెట్ల?

ముందటి అర్రల ఆంప్లిఫయర్ కాడ మొదలై
దర్వాజ మీంచి, దేవుని గూటి కిందికెళ్ళి
మగ్గం కొట్టం దాక పదమూడు మీటర్లు.
మొగిలి బావ వేసిండు,
మైక్ సెట్ నడిపినప్పుడు మిగిలిన తీగ.
"పైసలొద్దు, చాయ పోయుండ్రి" అన్నడు.
ఆ యాడాది కొత్తవాడల అందరిండ్లల్ల మగ్గం చప్పుడే,
మా ఇంట్ల చప్పుడూ, పాటా.

ఆ తర్వాత గోడకు ఏడు రంగులు పడ్డయి.
ఏ ఒక్కసారీ తీగ కదిలించలే, దాని మీదికెళ్ళే కుంచె.
ఇప్పుడది ముసలి చేతి మీది నరం.
గోటితో గీకితే గులాబి, కింద నీలం,
ఇంకా కింద
స్వరూప కాపురానికొచ్చిన ఏటి ముదురు పసుపు.
పీకితే గోడంత చీరుకపోతది.
తీగకు పన్నెండు వందలు,
గోడకు ఎనిమిది వేలు.

చౌరస్తా దుకాణం పిలగాడు
"ఆక్సిజన్ లేని రాగి అంకుల్, మీటరుకు తొంభై" అన్నడు.
ఊపిరి లేని రాగి ఎట్ల పాడుతదిరా అంటే
నవ్వి, కొలబద్ద తీసిండు.
రేపొస్త అని వచ్చిన.

మొగిలి బావకు ఫోన్ కలిపిన.
వద్దంటడేమో, గొంతు బరువెక్కుతదేమో అనుకున్న.
"అదింకా ఉన్నదా! పీకి పారెయ్ రా,
నేను వేసిననాడే అది పాతది" అన్నడు.
ఇన్నేండ్లు నేను దాచుకున్నదాన్ని
ఆయన తూకంల కూడ వెయ్యలే.

స్వరూప జంపఖానా నేస్తనే ఉన్నది.
పోగు తెగితే ఏం జేస్తం, అన్నది.
అతుకుతం.
మొత్తం విప్పుతమా?
విప్పం.
"మరి?" అన్నది,
రెండు పంజ దెబ్బల నడుమ.

కాని నూలు వేరు.
నూలు పాతబడితే చేతికి చెప్తది,
మెలి వదులైతది, వేళ్ళ నడుమ దూది రాలుతది.
రాగి ఒక్క మాట చెప్పదు.

కత్తెర పట్టుకున్న.
అంగుళం కోసిన. పచ్చ.
ఇంకో అంగుళం. పచ్చే, అంచున నలుపు.
తొడుగు ఒలిచి పోగులు మెలేస్తే
అద్దకం అంటినట్టు వేళ్ళకు మసి.
ఎరుపు ఎక్కడ మొదలైతది?
అసలు మొదలైతదా,
పదమూడు మీటర్లూ ఇట్లనే కోసుకుంట
ఆంప్లిఫయర్ కాడికి పోయి నిలబడుతనా?
జానెడు పోయింది.
మూరెడు పోయింది.
జేబుల పన్నెండు వందలు తడిమి చూసుకున్న.
మూర మీద నాలుగు వేళ్ళు,
టక్కున ఎరుపు!
ఇప్పుడే తోమిన చెంబు ఎరుపు.

ఇగ తీగ మేకు దాక అందదు.
డబ్బాను దించి నూలు కట్టల మీద పెట్టిన,
ఆమె కుడి మోకాలు పక్కకు.
పాడే మనిషి వచ్చిండు.
మరీ దగ్గరగ వచ్చిండు,
పదానికీ పదానికీ నడుమ ఊపిరి పీల్చేది వినొస్తుంది.

"మార్చినవా?"
"మార్చలే. జరిపిన."

గరగర ఇంకా కొంచెం ఉన్నది.
అది పాటదే అన్నది స్వరూప.
కాదని నాకు తెలుసు.

మాపటికి, కోసిన ముక్క తీసుకొని
వాకిట్ల కూసొని
చింతపండు పెట్టి రుద్దిన, ఊరికే.
కొంత పోయింది.